మాల తీసిన మర్నాడు కూడా నిలిచే సంకల్పం

కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్న మనిషిని గమనించండి. ఏళ్ల తరబడి సిగరెట్టు మానలేనివాడు 41 రోజులపాటు దాని జోలికి పోడు. ఎండెక్కితే గాని లేవనివాడు తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం ముగించి పూజకు నిలబడతాడు. భక్తి మాట అలా ఉంచినా, ఆ దీక్ష చుట్టూ ఉన్న కట్టుబాటు చాలా పని చేస్తుంది. నల్లబట్టలు చూసిన కిళ్లీకొట్టువాడు ‘స్వామీ’ అని పలకరిస్తాడే గాని సిగరెట్టు అందివ్వడు, ఇంట్లో వంట మారిపోతుంది, తప్పితే అడగడానికి గురుస్వామి ఉంటాడు. ఉగాదినాడు మనం మనసులోనే చెప్పుకునే సంకల్పానికి ఇవేవీ ఉండవు గనుక, అది నిలవకపోవడానికి మన బద్ధకాన్ని ఒక్కదాన్నే తిట్టుకోవడం న్యాయం కాదు.

కాబట్టి ముందుగా సంకల్పానికి ఒక వేళను, ఒక చోటును ముడివేయండి. ‘ఈసారి డిపార్ట్‌మెంటల్ పరీక్షకు బాగా చదవాలి’ అన్నది కోరిక మాత్రమే. ‘రాత్రి భోజనం చేసి కంచం కడిగి బోర్లించగానే, ముందుగదిలో బల్ల దగ్గర కూర్చుని రెండు పేజీలు చదువుతాను’ అన్నది ఏర్పాటు. ఫలానాది జరగగానే ఫలానా పని చేస్తానని ముందే నిర్ణయించుకున్నవారు, ఊరికే అనుకున్నవారికన్నా ఎక్కువగా పని పూర్తి చేస్తారని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో రాసిన వ్యాసంలో వివరించారు. నా అనుభవంలో ఈ ముడి గడియారానికి వేస్తే ఊడిపోయింది, కంచానికి వేస్తే నిలిచింది. ఎందుకంటే తొమ్మిది గంటలు నాకు తెలియకుండానే దాటిపోతాయి గాని, కంచం కడగకుండా పడుకునే వీలు మా ఇంట్లో లేదు. పుస్తకాన్ని సాయంత్రమే ఆ పేజీ దగ్గర తెరిచి బల్లమీద బోర్లించి, ఫోనును వంటింట్లో బియ్యం డబ్బా మీద పెట్టి రావడం కూడా ఇందులో భాగమే.

తరువాత, మాట తప్పితే కాస్త నష్టం కలిగేలా చూసుకోండి. బ్యాంకులో నెలకు వెయ్యి రూపాయలు దాచలేని వ్యక్తే చీటీ వాయిదా మాత్రం అప్పు చేసైనా కడతాడు, ఎందుకంటే అక్కడ పదిమందికి సమాధానం చెప్పుకోవాలి. ఫిలిప్పీన్స్‌లో పొగతాగేవారికి, ఆరు నెలలు డబ్బు దాచుకుని ఆ తర్వాత మూత్రపరీక్షలో నికోటిన్ కనబడితే ఆ సొమ్మును దానానికి వదులుకోవలసిన ఖాతాను ఇవ్వజూపారు. 2010లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం, అవకాశం ఇచ్చినవారిలో పొగ మానినవారు ఇవ్వనివారిలోకన్నా ఎక్కువగా తేలారు. అయితే ఆ ఖాతా తెరిచినవారు 11 శాతమే. పందెం కాయడానికే మనిషి జంకుతాడన్నమాట. అందువల్ల మీరు కాసే పందెం మొత్తం చిన్నదిగా ఉండాలి, మాట తప్పారో లేదో చూసే సాక్షి మొహమాటపడని మనిషై ఉండాలి. జీవిత భాగస్వామిని సాక్షిగా పెట్టుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. సంకల్పంతో పాటు సంసారంలోనూ తగవు మొదలవుతుంది.

దీక్షలోని లోపం మాల తీసిన మర్నాడు బయటపడుతుంది. కట్టుబాటంతా ఒక్కసారిగా తొలగిపోవడంతో చాలామంది మళ్లీ కిళ్లీకొట్టు ముందు కనిపిస్తారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పరిశీలించగా, ఒక పని అప్రయత్నంగా జరిగే అలవాటుగా మారడానికి నడిమి లెక్కన 66 రోజులు పట్టింది. మనిషిని, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల వరకు ఉంది. కనుక మండలం పూర్తవగానే ఏర్పాటంతా ఎత్తివేయకండి. పందెం వదిలేసినా కంచం ముడిని, బియ్యం డబ్బాను మరికొన్ని నెలలు ఉంచండి.

ఒక రోజు తప్పినంతమాత్రాన అలవాటు చెడిపోదని కూడా అదే పరిశీలనలో తేలింది. పెళ్లికో ఊరికో వెళ్లి ఒక రాత్రి చదవకపోతే, మరుసటి రాత్రి శిక్షగా నాలుగు పేజీలు వేసుకోవద్దు. కంచం బోర్లించి ఎప్పటిలాగే ఆ రెండు పేజీలే చదవండి.