పూల్ గేటు మూసుకుంటోంది, లాచ్ (గడియ) మాత్రం పడట్లేదు: సమస్య - పరిష్కారం

సిడ్నీలో స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇల్లు అద్దెకివ్వాలంటే, పూల్ చుట్టూ ఉన్న ఫెన్సు, గేటు భద్రతా నిబంధనల ప్రకారం ఉన్నాయని చెప్పే కంప్లయన్స్ సర్టిఫికెట్ ఉండాలి. ఒకసారి ఇస్తే మూడేళ్ళు చెల్లుతుంది. ఇన్‌స్పెక్షన్‌లో ఫెయిలైతే చాలామంది ఫెన్సంతా మార్చాలేమోనని టెన్షన్ పడతారు. ముందు గేటు చూడండి. దయచేసి ముందు గేటే చూడండి.

సమస్య: గేటు వదిలితే ఠప్పున పడుతోంది, అయినా ఫెయిల్ చేశారు.

కారణం: పూర్తిగా తెరిచి వదిలితే ఆ ఊపుకే లాచ్ పడిపోతుంది, లోపం బయటపడదు. ఎక్కడినుంచి వదిలినా, చెయ్యి వేయకుండా, గేటు దానంతటదే మూసుకుని లాచ్ పడాలన్నది నిబంధన. గేటును లాచ్‌కి ఆనించి వదిలి చూడండి. అక్కడే ఆగిపోయిందా? ఐదేళ్ళలోపు పిల్లకి ఆ గేటు తెరిచి ఉన్నట్టే.

ఇక్కడ అందరూ గేటును మూసే హింజ్ (బందు) స్ప్రింగ్ బిగిస్తారు. తరచూ అసలు తప్పు స్తంభంలో ఉంటుంది. పడమటి సిడ్నీ బంకమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. దాంతో స్తంభం కాస్త ఒరిగి, లాచ్ రెండు ముక్కలూ ఎదురెదురుగా కలవవు. స్ప్రింగ్ బిగించేకొద్దీ గేటు గట్టిగా కొట్టుకుని స్తంభాన్ని ఇంకా కదిలిస్తుంది. వేసవిలో పాసైన గేటు వానల తర్వాత ఫెయిలయ్యేది ఇందుకే.

పరిష్కారం: గేటు మూసి, స్తంభానికీ గేటుకీ మధ్య సందు పైనా కిందా కొలవండి. తేడా ఉంటే స్తంభానికి లెవెల్ (రసమట్టం) పెట్టి చూడండి, చేత్తో ఊపండి. గట్టిగా ఉంటే లాచ్‌ను జరిపి కలపండి. ఊగితే తవ్వి మళ్ళీ కాంక్రీట్ వేయించాల్సిందే. స్ప్రింగ్ జోలికి ఆ తర్వాతే వెళ్ళండి, అదీ కొద్దికొద్దిగా. సగం తెరిచి ఒకసారి, బెత్తెడు తెరిచి ఒకసారి, లాచ్‌కి ఆనించి ఒకసారి వదిలి చూడండి.

సమస్య: ఫెన్సు ఎత్తు చాలదన్నారు.

బయటి నేల నుంచి 1200 మి.మీ. ఉండాలి. ఫెన్సు పక్కన మట్టి, మల్చ్ (మొక్కల చుట్టూ పరిచే చెక్కపొట్టు లాంటివి) పోస్తే ఎత్తు తగ్గినట్టే, తీసేయండి. ఫెన్సుకి 900 మి.మీ. లోపు ఎక్కడానికి ఆసరా ఉండకూడదు. తులసి కుండీ అయినా సరే, జరపాల్సిందే.

ఫెన్సు కింద సందు 100 మి.మీ. దాటడం, సీపీఆర్ బోర్డు (ఊపిరి ఆగినవారికి ప్రథమ చికిత్స ఎలా చేయాలో చెప్పేది) వెలిసిపోవడం లాంటివి సులువుగా సరిచేయొచ్చు. గాలి నింపే పూల్ అయినా 300 మి.మీ. కన్నా లోతు నీళ్ళు పట్టేదైతే ఫెన్సు తప్పదు. పాత పూల్‌కి కట్టిన సంవత్సరాన్ని బట్టి కొలతలు మారవచ్చు, మీ స్థానిక కౌన్సిల్‌ని అడగండి.

రిపేరు పూర్తయ్యేదాకా గేటుకి తాళం వేసి ఉంచండి.