డాట్సన్ 280జెడ్ పికప్‌లో తడబడితే వెతకవలసిన క్రమం

డాట్సన్ 280జెడ్ 1975 నుంచి 1978 వరకు ఉత్తర అమెరికా మార్కెట్ కోసం తయారైన స్పోర్ట్స్ కారు. దాని 2.8 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్‌కు కార్బ్యురేటర్లు ఉండవు; కంప్యూటర్ లెక్క ప్రకారం ఇంజెక్టర్ల ద్వారా పెట్రోలును చిమ్మే బాష్ ఎల్-జెట్రానిక్ పద్ధతి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది. ఆక్సిలరేటర్ తొక్కగానే ఇంజిన్ ఒక్క క్షణం తడబడి, ఆ తరువాత గానీ వేగం పుంజుకోకపోవడం ఈ కార్లలో తరచుగా కనిపించే జబ్బు. దానికి చాలామంది ముందుగా ఇంజెక్టర్లనో కంప్యూటర్‌నో మార్చేస్తారు కానీ, నా దృష్టిలో ఆ రెండింటినీ చిట్టచివర అనుమానించాలి.

ఎందుకంటే ఈ వ్యవస్థలో కంప్యూటర్ ప్రధానంగా నమ్మేది గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో మీటర్‌లోని స్ప్రింగు రేకునే. లోపలికి పోయే గాలి ఆ రేకును ఎంత తోస్తే అంతకు తగిన పెట్రోలును అది లెక్కగడుతుంది. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను చూసి లెక్క సరిదిద్దుకోవడానికి సెన్సర్ లేదు, స్కానర్ పెట్టి కోడ్ చదవడానికి సాకెట్ కూడా లేదు. అందువల్ల మీటర్ దాటిన తరువాత ఏ చిన్న సందులోంచి గాలి చొరబడినా అది లెక్కకు రాదు, మిశ్రమంలో పెట్రోలు తగ్గిపోతుంది, తొక్కినప్పుడల్లా ఇంజిన్ తడబడుతుంది.

అయితే గాలి సంగతికి వెళ్లేముందు జ్వలన వ్యవస్థను పక్కన పెట్టగలమో లేదో తేల్చుకోవాలి. బండి తడబడిన క్షణంలో టాకోమీటర్ (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే మీటర్) ముల్లును గమనించండి. ఇంజిన్ ఇంకా తిరుగుతుండగానే ముల్లు ఒక్కసారిగా కిందికి పడిపోతే లోపం పెట్రోలుది కాదు, స్పార్కుది. ఎందుకంటే టాకోమీటర్‌కూ ఇంజెక్షన్ కంప్యూటర్‌కూ సంకేతం అందేది స్పార్కును పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ నెగటివ్ కొస నుంచే. అప్పుడు డిస్ట్రిబ్యూటర్‌లో స్పార్కు ఎప్పుడు పడాలో సంకేతమిచ్చే పికప్ కాయిల్ తీగలను చూడాలి. ఇన్‌టేక్ పీల్పుతో స్పార్కు సమయాన్ని ముందుకు జరిపే వాక్యూమ్ అడ్వాన్స్ పనిచేసినప్పుడల్లా లోపలి ప్లేటు కదులుతుంది, ఆ కదలికకు తీగ పై తొడుగు బాగానే ఉండి లోపలి రాగి తెగిపోతుంది. వాక్యూమ్ అడ్వాన్స్ గొట్టాన్ని నోటితో పీల్చి చూస్తే దాని లోపలి పలచటి పొర (డయాఫ్రమ్) చిరిగిందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది.

ముల్లు నిలకడగా ఉంటే గాలి లీకుల వైపు వెళ్లవచ్చు. దీనికి పనిముట్లు అక్కర్లేని పరీక్ష ఒకటి ఉంది. ఇంజిన్ బాగా వేడెక్కి ఐడిల్‌లో (ఆక్సిలరేటర్ తొక్కకుండా) తిరుగుతున్నప్పుడు ఆయిల్ పోసే మూతను తీయండి. ఇంజిన్ అడుగుభాగమైన క్రాంక్‌కేసు, దాని ఆవిర్లను బయటికి లాగే పీసీవీ వాల్వు ద్వారా ఇన్‌టేక్‌తో కలిసి ఉంటుంది కాబట్టి, ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ ఆ దొంగగాలికి వెంటనే కుంటుతుంది లేదా ఆగిపోతుంది. మూత తీసినా ఏ తేడా రాలేదంటే అంతకుముందే మరోచోట గాలి చొరబడుతోందని గట్టిగా అనుమానించవచ్చు. ఎయిర్ ఫ్లో మీటర్‌కూ, ఆక్సిలరేటర్‌తో తెరుచుకునే థ్రోటిల్‌కూ మధ్య ఉండే రబ్బరు గొట్టాన్ని ఊడదీసి, దాని ముడతలను వేళ్లతో విప్పి, ముఖ్యంగా కిందివైపు చూడాలి. పైకి నల్లగా నిగనిగలాడే రబ్బరు ముడత లోపల నిలువునా చీలి ఉండవచ్చు. ఐడిల్‌లో ఆ చీలిక మూసుకునే ఉంటుంది. గట్టిగా తొక్కినప్పుడు ఇంజిన్ తన మౌంట్ల మీద ఒరగడంతో తెరుచుకుంటుంది. డిప్‌స్టిక్ సీలు, ఇంజెక్టర్ల కింది రబ్బరు రింగులు, బ్రేక్ బూస్టర్ గొట్టం కూడా చూడవలసినవే. లీకు కోసం వేడి ఇంజిన్ మీద మండే స్ప్రేలు కొట్టడం కంటే పొగ పంపి చూడటం ఎంతో మేలు.

తరువాతి వంతు కనెక్టర్లది. థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గరి నీటి ఉష్ణోగ్రత సెన్సర్ కనెక్టర్‌ను ఊడదీస్తే లోపల పచ్చటి చిలుము కనిపించడం మామూలే. చిలుము వల్ల రెసిస్టెన్స్ పెరిగితే కంప్యూటర్ ఇంజిన్ చల్లగా ఉందనుకుని అవసరానికి మించి పెట్రోలు పంపుతుంది; అప్పుడు తడబాటుతో పాటు నల్లటి పొగ, మసిబారిన ప్లగ్గులు కనిపిస్తాయి. సెన్సర్ దగ్గర 20 డిగ్రీల సెల్సియస్‌లో 2.1 నుంచి 2.9 కిలోఓమ్‌లు, 80 డిగ్రీల్లో సుమారు 0.3 కిలోఓమ్‌లు రావాలి. ఇంజిన్ అదే వేడిలో ఉండగా, ఇగ్నిషన్ ఆపి, కంప్యూటర్ ప్లగ్గు దగ్గర కూడా కొలవండి. రెండు చోట్ల కొలతలకూ మధ్య తేడా ఉంటే సెన్సర్ కొని లాభం లేదు, దారిలోని తీగనే బాగుచేయాలి.

పెట్రోలు ఒత్తిడిని గేజీ పెట్టే కొలవాలి. లైనులో ఒత్తిడి తీసేసి, మంటలార్పే సిలిండర్ చేతికందేలా ఉంచుకుని గానీ గొట్టం విప్పకూడదు. ఐడిల్‌లో సుమారు 30 పీఎస్‌ఐ, ఒత్తిడిని అదుపుచేసే రెగ్యులేటర్ వాక్యూమ్ గొట్టం ఊడదీస్తే సుమారు 36 పీఎస్‌ఐ ఉండాలి. ఐడిల్‌లో సరిగ్గా ఉండి, గట్టిగా తొక్కి ఇంజిన్ మీద భారం పడినప్పుడు ఒత్తిడి జారిపోతుంటే ఫిల్టర్ మూసుకుపోయిందో, ట్యాంకులోని తుప్పు పంపుకు అడ్డుపడుతోందో చూడాలి. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న కార్లలో తుప్పు ఉండే అవకాశం మరీ ఎక్కువ.

ఇవన్నీ సవ్యంగా ఉన్నాకే ఎయిర్ ఫ్లో మీటర్ మీద చేయి వేయాలి. ఆక్సిలరేటర్‌ను హఠాత్తుగా తొక్కినప్పుడు రేకు క్షణకాలం అవసరానికి మించి తెరుచుకుని కొంత అదనపు పెట్రోలు ఇప్పిస్తుంది. అది ఎక్కడైనా పట్టేస్తే ఆ అదనం అందదు. వేలితో నెమ్మదిగా తోసినప్పుడు రేకు గీరుకోకుండా కదలాలి, ఎయిర్ ఫ్లో మీటర్‌కు కలిపిన ముల్లు రకం మల్టీమీటర్‌లో ముల్లు ఎక్కడా ఎగిరిపడకూడదు. ఒక్కచోటే ఎగిరితే అక్కడ, రేకు కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే కార్బన్ పట్టీ అరిగిందని అర్థం. ఎప్పుడూ ఒకే వేగం దగ్గర వచ్చే తడబాటుకు అది సరిపోయే కారణం. లోపలి స్ప్రింగు పళ్లచక్రాన్ని తిప్పి సర్దాలనిపిస్తుంది గానీ, దాని పాత స్థానాన్ని గుర్తు పెట్టకుండా ముట్టుకోవద్దు.

వేడి ఇంజిన్‌ను ఆపి, కాసేపటికి మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే తడబాటు కనిపించి, కొద్ది దూరం నడిచాక దానంతటదే పోతుంటే, ఇంజెక్టర్ల దగ్గర పెట్రోలు ఆవిరవుతోందని అనుకోవచ్చు. దీనికోసమే తరువాతి 280జెడ్‌ఎక్స్‌లో ఇంజెక్టర్ల మీదికి గాలి ఊదే ఫ్యాన్‌ను అమర్చారు. 280జెడ్‌లో ముందుగా చూడవలసింది మాత్రం ఇంజిన్ ఆపాక లైనులో ఒత్తిడి నిలుస్తోందా లేదా అన్నది. అది వెంటనే పడిపోతుంటే పంపులో పెట్రోలు వెనక్కి పోకుండా ఆపే చెక్ వాల్వు, రెగ్యులేటర్, కారుతున్న ఇంజెక్టర్ అన్న వరుసలో పరీక్షించాలి.