లాగ్ స్ప్లిటర్‌కి తుప్పు పట్టకుండా: అంతా గ్రీజు పులిమేయకండి

మా ఇంటి వెనక రెండెకరాల్లో ఉన్నవన్నీ యాష్ చెట్లే. ఉన్నవి అంటున్నాను గానీ, నిలబడి ఎండిపోయినవి. 2002లో ఈ డెట్రాయిట్ చుట్టుపక్కలే మొదట బయటపడ్డ పచ్చ పురుగు, ఎమరాల్డ్ యాష్ బోరర్, మిషిగన్‌లో కోట్ల చెట్లను చంపేసింది. మా వాటా మాకూ దక్కింది. ఆ మొద్దుల్ని గొడ్డలితో చీల్చి చీల్చి నడుం పట్టేశాక, పాతదే, 25 టన్నుల లాగ్ స్ప్లిటర్ ఒకటి కొన్నాను. ఇంజిను హైడ్రాలిక్ నూనెని సిలిండరులోకి తోస్తే, అందులోంచి బయటికొచ్చే రాడ్డు ఉక్కు చీలని 25 టన్నుల బలంతో మొద్దులోకి నెట్టే మిషను అది. కొన్న మొదటి చలికాలమే దాన్ని పాడు చేశాను.

జరిగింది ఇది. నవంబర్లో ఆఖరి మొద్దు సగం చీలి ఉండగా పెట్రోలు అయిపోయింది. సమ్మెటతో కొట్టి మొద్దును ఊడదీసి, ఇక చాల్లే అనుకున్నాను. మాది పెడన దగ్గర. అక్కడ దుక్కులయ్యాక నాగలికీ గొర్రుకీ కాలిన ఇంజినాయిల్ పూసి చూరు కింద పడేసేవాళ్ళు. అదే అలవాటు కొద్దీ మిషనుకి నఖశిఖపర్యంతం గ్రీజు పులిమి, పట్టా కప్పి, తాళ్ళతో బిగించి కట్టేశాను. సిలిండరు రాడ్డు మాత్రం చాచిన చెయ్యిలా బయటే ఉండిపోయింది. ఏప్రిల్లో విప్పితే పట్టా లోపలంతా చెమట. గాలికి పట్టా రాసుకుని గ్రీజు పోయినచోట, రాడ్డు మీద నాలుగు వేళ్ళ వెడల్పున ఎర్రటి మచ్చ. ఆ మచ్చ ఒక పూట సీలు గుండా, అంటే రాడ్డు చుట్టూ నూనె కారకుండా పట్టి ఉంచే వలయం గుండా, లోపలికీ బయటికీ ఆడేసరికి సీలు చిరిగి నూనె కారడం మొదలైంది. సీలు పెద్ద ఖరీదు కాదు. సిలిండరు విప్పి బిగించడానికే నాకు రెండు వారాంతాలు పట్టాయి.

అప్పటికి గానీ అర్థం కాలేదు, ఈ మిషన్లో ఇనుము అంతా ఒక్కటే గానీ దాని పనులు వేరు. ఒకటి సీలు గుండా ఆడేది, ఒకటి మట్టిలో పొట్టులో రాసుకునేది, ఒకటి ఊరికే ఎండకీ వానకీ నిలబడేది. ఒకదానికి మందైంది ఇంకోదానికి విషం. ఏది ముట్టుకోవాలన్నా ముందు ఇంజిను ఆపి, స్పార్క్ ప్లగ్ తీగ ఊడదీసి, లీవరు అటూ ఇటూ కదిపి ఒత్తిడి దించేయండి.

రాడ్డుకి చేయాల్సిన పెద్ద పని ఏమిటంటే, దాన్ని పూర్తిగా లోపలికి లాగి పెట్టడం. లోపల నూనెలో మునిగి ఉంటుంది, తుప్పు దాని జోలికి రాదు. మెరుస్తోంది కదా, క్రోమ్ కదా అని నమ్మకండి. ఆ పూతలో కంటికి కనపడని పగుళ్ళుంటాయి. తేమ వాటిలోంచి అడుగున ఉక్కుదాకా పోతుంది, తుప్పు కింద పుట్టి పూతని పైకి లేపుతుంది. ఏ కారణంగానైనా రాడ్డు బయట ఉండక తప్పకపోతే, తుడిచి నూనె రాసి, నూనె గుడ్డ చుట్టి ఉంచండి. చిన్న మచ్చ కనిపిస్తే అన్నిటికన్నా సన్న రకం స్టీల్ పీచుని నూనెలో ముంచి మెల్లగా రుద్దండి. తర్వాత గోరుతో గీసి చూడండి. గోరు తగలకపోతే బతికిపోయినట్టే. తగిలితే, పైకి లేచిన అంచుని సన్నటి సానరాయితో మాత్రమే సమం చేయాలి. ఉప్పుకాగితం బిగించిన గ్రైండరు పెట్టారా, క్రోమ్ పోయినట్టే, రాడ్డూ పోయినట్టే.

చీల కూర్చున్న బ్లాకు అటూ ఇటూ జారే ఉక్కు దూలం సంగతి పూర్తిగా వేరు. దాని మీద మందంగా గ్రీజు పూస్తే బెరడులోని ఇసుక, రంపపు పొట్టు దానికి అంటుకుని ముద్దవుతాయి. ఆ ముద్ద సానపట్టే మందులా దూలాన్నే అరగదీస్తుంది. అందుకే పని జరిగేటప్పుడు గ్రీజు వద్దు. నేను పెట్రోలు పోసిన ప్రతిసారీ పుట్టీ బద్దతో దూలాన్ని గీకి, అదే హైడ్రాలిక్ నూనె తడిపిన గుడ్డతో ఒకసారి తుడుస్తాను. రెండు నిమిషాల పని. బ్లాకు అడుగున దూలాన్ని రెండు పక్కలా పట్టుకునే పట్టీలుంటాయి. వాటి బోల్టులు వదులైతే చీల ఒక పక్కకి వాలి దూలం ఒక అంచునే తింటుంది. బ్లాకుని చేత్తో ఊపి చూస్తే తెలిసిపోతుంది.

పచ్చి ఓక్ చీల్చిన రోజు మాత్రం బద్ధకించకండి. పక్కింటాయన ఇచ్చిన ఓక్ మొద్దులు చీల్చి అలాగే వదిలేస్తే తెల్లారేసరికి దూలమంతా సిరా పోసినట్టు నల్లగా అయింది. మా ఆవిడ చూసి గ్రీజేమో అనుకుంది. నాకు పెడన కలంకారీ గుర్తొచ్చింది. కరక్కాయలో ముంచిన బట్ట మీద, తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన రసం అద్దితే నల్లరంగు తేలుతుంది. ఇక్కడా అదే సంగతి. కరక్కాయలో ఉన్నట్టే ఓక్‌లోనూ టానిన్ ఉంది, అది ఇనుముని పట్టింది. ఆ నలుపుతో భయం లేదు గానీ, దాని వెనకే ఉన్న పులుపూ తడీ తుప్పుని పిలుచుకొస్తాయి. తడిగుడ్డతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయండి.

చీల గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు. పైపైన ఎర్రబడితే మొదటి నాలుగు మొద్దులే దాన్ని తోమేస్తాయి. రంగు వేయడం దండగ, ఒక పూటలో ఊడుతుంది. మేకు తగిలి అంచు మడత పడితే ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్దండి, అంతే. కత్తిలా పదును పెట్టాల్సిన పనిలేదు, అది కోసేది కాదు, చీల్చేది.

రంగు వేసిన భాగాల్లో పెచ్చులు లేచినచోట వైరు బ్రష్షుతో వదులు తుప్పంతా రాల్చి, జిడ్డు తుడిచి, ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ పూయండి. చేతులకి తొడుగులు మరవద్దు. ఎర్రటిది నల్లబడ్డాక, డబ్బా మీద రాసినంత సేపు ఆరనిచ్చి ప్రైమరు, ఆపైన ఎనామెల్. ఆ కన్వర్టర్ చుక్క కూడా రాడ్డు మీద పడనివ్వకండి. చలికాలంలో కారుకి తగిలించి రోడ్డెక్కిస్తే ఇక్కడ రోడ్ల మీద చల్లే ఉప్పు అడుగుభాగాన్ని తినేస్తుంది. ఇంటికి రాగానే మామూలు గొట్టంతో కడగండి. ప్రెషర్ వాషరు సీళ్ళ మీదా ట్యాంకు మూత మీదా పెడితే నీళ్ళు లోపలికి దూరతాయి.

ఇక దాచడం. ఇప్పుడు నేను దూలానికీ చీలకీ ఫ్లూయిడ్ ఫిల్మ్ కొడుతున్నాను. అది గొర్రె బొచ్చులోంచి తీసే లానోలిన్‌తో చేసింది, వాసన కొంచెం మందలోకి వెళ్ళినట్టే ఉంటుంది, కానీ కదలకుండా అంటుకుని ఉంటుంది. డబ్ల్యూడీ-40 తడి తరమడానికి మంచిదే గానీ ఆరు నెలలు కాపలా కాయదు. పట్టాని నేలదాకా దించి కట్టకండి, కింద గాలి ఆడాలి. కాంక్రీటు మీద పెట్టేటట్టయితే కింద చెక్క పలకలు వేయండి. నూనె ట్యాంకు గుర్తుదాకా నింపి ఉంచితే లోపల ఆవిరి పట్టే చోటు తగ్గుతుంది. నూనె పాలలా తెల్లబడి కనిపిస్తే నీళ్ళు చేరినట్టు, మార్చేయాలి.

వసంతంలో తీశాక మొద్దు పెట్టకుండా రాడ్డుని ఐదారుసార్లు లోపలికీ బయటికీ ఆడించి, సీలు దగ్గర చూడండి. రాడ్డు మీద పలచటి నూనె పొర ఉంటే సరే, బొట్లు కారుతుంటే సీలు చూడాలి. గొట్టాల్లో ఎక్కడ కారుతోందో చేత్తో తడిమి వెతకొద్దు. సన్నటి రంధ్రంలోంచి చిమ్మే నూనె చర్మంలోకి దూసుకుపోతుంది, అలా జరిగితే వెంటనే ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. నేను పాత అట్టముక్క పట్టుకుని చూస్తాను, నూనె మచ్చ పడినచోటే కన్నం.