మెల్లగా నొక్కితే పలకని పియానో: లోపల ఏం చూడాలి

గట్టిగా వాయిస్తే మోగుతుంది, మెల్లగా నొక్కితే పలకదు. పాత అప్‌రైట్ (నిలువు పెట్టె) పియానోల్లో ఇది మామూలే. వేళ్లను తప్పుపట్టే ముందు పైమూత తెరిచి, ఒక మెట్టును (కీని) ఐదారు సెకన్లపాటు నిదానంగా కిందికి నొక్కుతూ, తీగను కొట్టే చిన్న సుత్తిని, అంటే హ్యామర్‌ను గమనించండి. తీగకు సుమారు 3 మి.మీ. దూరంలో అది చటుక్కున జారి వెనక్కి రావాలి. దీన్నే లెట్-ఆఫ్ అంటారు. అక్కడినుంచి హ్యామర్ తన ఊపుతోనే పోతుంది, వేలికి దానిమీద పట్టుండదు. నాదం పెద్దదా చిన్నదా అన్నది ఆ క్షణంలో హ్యామర్‌కు ఉన్న వేగమే తేలుస్తుంది.

8–10 మి.మీ. దూరంలోనే జారిపోతే మెల్లని స్వరం తీగదాకా చేరదు. మరీ దగ్గరైతే హ్యామర్ రెండుసార్లు తగులుతుంది, లేదా తీగకు ఆనుకుని నాదాన్ని చంపేస్తుంది. ఈ దూరాన్ని మార్చే లెట్-ఆఫ్ బటన్‌ను దించితే ముందుగా, ఎత్తితే ఆలస్యంగా జారుతుంది. ఒకసారికి పావు చుట్టు చాలు.

మెట్టు దాదాపు 10 మి.మీ. దిగుతుంది. అందులో మొదటి 1–2 మి.మీ. హ్యామర్ కదలకపోతే, ఆ ఖాళీ పోయేలా క్యాప్‌స్టన్‌ను (మెట్టు వెనకవైపున్న మరను) కాస్త ఎత్తాలి. ఎక్కువ ఎత్తితే హ్యామర్‌ను తోసే చెక్కముక్క, జాక్, మళ్లీ తన చోటికి చేరక, వెంటనే వాయించిన రెండో దెబ్బ పలకదు. ఎడమ పెడల్ తొక్కినప్పుడు వచ్చే ఖాళీ మాత్రం లోపం కాదు. అప్‌రైట్‌లో ఆ పెడల్ హ్యామర్లను తీగల దగ్గరికి జరుపుతుంది.

మెట్టు ఎంత బరువుకు దిగుతుందో చూడ్డానికి పది రూపాయల నాణేలు చాలు, ఒక్కోటి 7.7 గ్రాములు. నాణెం మెట్టుకంటే వెడల్పు కాబట్టి పక్క మెట్లకు ఆనుకుంటుంది. అందుకని మెట్టు కొసన సెంటీమీటరున్నర మందం థర్మాకోల్ ముక్క పెట్టి దానిమీద పేర్చండి. కుడి పెడల్ తొక్కిపట్టి చూస్తే ఆరేడు నాణేలకు మెట్టు మెల్లగా దిగాలి, నొక్కి వదిలాక మూడింటిని మోస్తూ లేవాలి. తొమ్మిదికీ దిగలేదంటే రాపిడి ఎక్కువైనట్టే.

కర్నూలు, అనంతపురం ఎండలకు చెక్క ఎండి స్క్రూలు వదులైతే మెట్లు కటకటలాడతాయి. అంతకంటే చేటు ఎయిర్ కూలర్. దాని తడిగాలి తగిలితే మెట్టు సందులోని ఫెల్ట్ (ఒత్తిన ఉన్నిగుడ్డ) ఉబ్బి పట్టేస్తుంది. కుట్టుమిషన్ నూనె వేయొద్దు, ఫెల్ట్ దాన్ని పీల్చుకుని దుమ్ము పట్టి జిగటవుతుంది. కూలర్‌ను పక్కకు తిప్పి వారం ఆగండి. అప్పటికీ వదలకపోతే కీ-ఈజింగ్ ప్లయర్‌తో (మెట్టు సందును వదులుచేసే పట్టకారుతో) ఫెల్ట్‌ను సన్నగా నొక్కాలి.

వెతకడం లెట్-ఆఫ్ నుంచి మొదలైనా, సరిచేసేటప్పుడు వరుస తిరగేయాలి: ముందు రాపిడి, తర్వాత ఖాళీ, చివర్లో లెట్-ఆఫ్. క్యాప్‌స్టన్ కదిలితే మిగతా కొలతలూ మారిపోతాయి.