కథలో చూసేది ఎవరు, చెప్పేది ఎవరు?

కథ మొదలుపెట్టేటప్పుడు ‘నేను’ అని రాయాలా, ‘అతను’ అని రాయాలా అన్న సందేహం కొత్తగా రాసేవాళ్లలో చాలామందికి వస్తుంది. నిజానికి అంతకంటే ముందు తేల్చుకోవలసినది ఒకటుంది. జరిగిన సంగతి ఎవరికి ఎంతవరకు తెలుసు, తెలిసినవాళ్లలో ఎవరు చెబితే అది కథవుతుంది అన్నది నిర్ణయించుకుంటే ఉత్తమ పురుషా, ప్రథమ పురుషా అన్నది చాలావరకు దానంతట అదే తేలిపోతుంది. ఎవరి కళ్లతో చూస్తున్నామన్నది దృష్టికోణం. ఏ గొంతుతో, ఏ ధోరణిలో చెబుతున్నామన్నది కంఠస్వరం. ఈ రెండూ ఒకే మనిషివి కావాలన్న నియమం లేదు.

ఒక చిన్న సన్నివేశం తీసుకుందాం. బాకీ వసూలుకు షావుకారు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఇంటి యజమాని నరసయ్య పెరట్లో దాక్కున్నాడు. ఇది ఎనిమిదేళ్ల కూతురు చెబితే ఇలా ఉండవచ్చు: ‘షావుకారు తాత మళ్లీ వచ్చాడు. నాన్న గడ్డివాము వెనకాల ఉన్నాడు. అమ్మేమో ఊళ్లో లేడని చెప్పి, తాతకి మజ్జిగ ఇచ్చింది. నేను చెప్పబోతే గిల్లింది.’ అప్పు అన్న మాట పిల్ల నోట రాలేదు, అయినా పాఠకుడికి అంతా తెలిసిపోయింది. చెప్పేవాళ్లకు అర్థం కానిది చదివేవాళ్లకు అర్థం కావడమే ఇలాంటి కథనానికి బలం. అదే పిల్ల చేత ‘నాన్న కళ్లలో దైన్యం గూడుకట్టుకుంది’ అనిపిస్తే పిల్ల మాయమై రచయిత ప్రత్యక్షమవుతాడు. పెద్దయ్యాక గుర్తుచేసుకుంటున్నట్టు రాస్తే ఆ వాక్యం నప్పవచ్చు. అప్పుడు కథ మొత్తం ఆ పెద్ద వయసు గొంతులోనే నడవాలి.

ఇప్పుడు నరసయ్య వైపు నుంచి, ప్రథమ పురుషలో: ‘నరసయ్య వాము చాటు నుంచి తొంగిచూశాడు. షావుకారుగారు ఇంకా లేవలేదు. ఎంతసేపు కూర్చుంటారు? మజ్జిగ ఇచ్చి మరీ కూర్చోబెట్టింది, తెలివితక్కువది!’ ఇక్కడ ‘అనుకున్నాడు’ అన్న క్రియ ఎక్కడా లేకపోయినా ఆ విసుగు నరసయ్యదేనని తెలుస్తూనే ఉంది. ‘గారు’లో కనిపించేది కూడా రచయిత మర్యాద కాదు, బాకీపడ్డవాడి భయం.

తెలుగులో రాసేవాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్తపడవలసినది ఇక్కడే. వాడు, అతను, ఆయన. అది, ఆమె, ఆవిడ: వీటిలో ఏది వాడినా ఎంతో కొంత చనువో, దూరమో, గౌరవమో, చిన్నచూపో వెంట వస్తుంది. ‘వచ్చాడు’, ‘వచ్చారు’ అన్న క్రియలు కూడా అంతే. అందరి మనసుల్లోకీ వెళ్లగల సర్వసాక్షి కథనంలో భూస్వామిని ‘ఆయన’ అనీ, అదే వయసున్న పాలేరును ‘వాడు’ అనీ అలవాటుగా రాసేస్తే ఆ తేడా ఏ పాత్రదీ కాదు, రచయితదే. అందుకే చిత్తుప్రతి రాయకముందే ప్రతి పాత్రకూ ఏ సర్వనామం వాడాలో, చూస్తున్నది ఎవరన్నదాన్ని బట్టి నిర్ణయించుకోవడం మంచిది. మధ్యలో అది మారితే సంబంధం మారినందువల్లే మారాలి.

ఒకే పాత్రను అంటిపెట్టుకుని ఉండే కథనానికి పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ను శ్రద్ధగా చదవాలి. 1952లో ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి పొందిన ఈ కథలో బిచ్చగత్తె గురించి మనకు తెలిసేదంతా, సిద్ధాంతాలకు కట్టుబడి బతికే ప్రధానపాత్ర రావుగారు చూసినంత, విన్నంత మేరకే. ఆమె మనసులోకి కథకుడు ఒక్కసారి వెళ్లివచ్చినా, రావుగారి సిద్ధాంతాలు ఆమె ముందు తడబడటం ఇంత బలంగా తగిలేది కాదేమో. సర్వసాక్షి కథనం తప్పేమీ కాదు గానీ, నాలుగైదు పేజీల కథలో దానికి చోటు చాలడం అరుదు.

కంఠస్వరం విషయంలో మాండలికం ప్రశ్న తప్పదు. సంభాషణలు మాత్రం యాసలో పెట్టి, కథనాన్ని శిష్టవ్యావహారికంలో, అంటే చదువుకున్నవాళ్ల వాడుక భాషలో, నడిపే పద్ధతి మనకు బాగా అలవాటు. అందులో కథకుడు పాత్రల మధ్య కాకుండా కాస్త ఎత్తున నిలబడినట్టు ఉంటుంది. ఆ దూరం కావాలనుకుంటే సరే. ఉత్తమ పురుషలో మాత్రం అది అతకదు: మాటల్లో ‘పోతున్న’ అనే మనిషి కథనంలో ‘వెళ్తున్నాను’ అంటే ఇద్దరు మనుషులు మాట్లాడినట్టుంటుంది.

చిత్తుప్రతి పూర్తయ్యాక, చూస్తున్న పాత్రకు తెలిసే వీలులేని వాక్యాల కింద గీత గీయండి. నరసయ్య కళ్లతో నడిచే కథలో ‘అతని ముఖం పాలిపోయింది’ అని ఉంటే, ఎదురుగా అద్దం లేనప్పుడు అది కొట్టేయాలి. అరచేతులు చెమర్చాయంటే ఇబ్బంది లేదు. తర్వాత మొదటి పేరాను వేరొక పాత్ర చెబుతున్నట్టు మార్చి రాయండి. క్రియల చివరలు తప్ప ఇంకేమీ మారకపోతే ఆ కథకు గొంతు ఇంకా దొరకలేదన్నమాట. కథనం ఎవరికి అప్పగించాలో మళ్లీ మొదటి నుంచి ఆలోచించాలి.