లేబుళ్లు ఊడిపోయిన నాలుగు డబ్బాలు

చెమ్మకి ఎరువుల డబ్బాల మీది లేబుళ్లు ఊడి కిందపడ్డాయి. అమ్మోనియం సల్ఫేట్, మెగ్నీషియం సల్ఫేట్, కాల్షియం నైట్రేట్, పొటాషియం నైట్రేట్. అన్నీ తెల్లవే. ఏది ఏదో తేల్చాలి.

ముందు తడి సున్నంతో మొదలుపెట్టాను. ఒక్కోదాంట్లోంచి చిటికెడు తీసి సున్నంలో కలిపితే, అమ్మోనియం ఉన్నది ముక్కు పగిలే ఘాటు కొడుతుంది. ఒకటి అలాగే కొట్టింది. చిక్కేమిటంటే, ఇంకోటి కూడా కొద్దిగా వాసనేసింది! డబ్బాలు కలిసిపోయాయేమోనని పూట పాడుచేసుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది: ఎరువుగా అమ్మే కాల్షియం నైట్రేట్‌లో ఒక శాతం దాకా అమ్మోనియా నత్రజని ఉంటుంది. మూత తీస్తే పలుకులు తేమ పీల్చుకుని జిగటగా మారేదీ అదే.

రూఢి చేసుకోవడానికి దాని చిక్కటి ద్రావణంలో ఘాటు వాసన వచ్చినదాని ద్రావణం పోశాను. రెండూ తేటగా ఉన్నవి, కలవగానే పాలలా తెల్లబడ్డాయి. అది జిప్సం, అంటే నీళ్లలో అంతగా కరగని కాల్షియం సల్ఫేట్. డ్రిప్ పైపులు పూడుకుపోయేది ఇలాంటి కలయిక వల్లే.

మిగిలిన రెండింటిలో బట్టలుతికే సోడా నీళ్లు వేస్తే ఒకదాంట్లో తెల్లటి మడ్డి దిగింది, మెగ్నీషియం. రెండోది తేటగానే ఉంది. దాని నీళ్లలో కాగితం ముక్క ముంచి, ఆరబెట్టి, ఆరుబయట నిప్పు తగిలిస్తే మంట లేకుండా ఎర్రటి గీతలా చివరిదాకా పాకింది. నైట్రేటే.

పొడిని మాత్రం నేరుగా కాల్చలేదు. ఈసారి పేర్లు డబ్బాల మీద పెయింటుతో రాశాను.