కొత్త అప్రైజల్ రిపోర్ట్: సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఇల్లు చూసే పద్ధతి మార్చుకోండి

అమెరికాలో ఇళ్ల అప్రైజల్ పనిలో, అంటే లోన్ కోసం ఇంటి విలువ కట్టే పనిలో ఉన్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఈ మధ్యే లైసెన్స్ వచ్చినవాళ్లు, ఇంకా ట్రైనీలుగా ఉన్నవాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి. నేను డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్ వైపు ఇళ్లు చూస్తుంటాను. ఫోన్ చేసే పిల్లలందరూ అడిగేది ఒకటే: "అక్కా, ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోమంటావు?" దాని గురించి చివర్లో చెప్తాను. అసలు పని అక్కడ లేదు.

ముందు తేదీలు. బ్యాంకుల దగ్గర ఇంటి లోన్లు కొనే సంస్థలు ఫానీ మే, ఫ్రెడ్డీ మాక్. అప్రైజల్ రిపోర్టుల్లో వివరాలు ఎలా నింపాలో చెప్పడానికి అవి కలిసి తెచ్చిన కొత్త డేటా ప్రమాణం పేరు యూఏడీ 3.6. 2025 సెప్టెంబర్ 8న కొద్దిమంది లెండర్లతో (లోన్ ఇచ్చేవాళ్లతో) మొదలైంది. 2026 జనవరి 26 నుంచి సిద్ధంగా ఉన్న లెండర్లందరికీ తలుపులు తెరిచారు. 2026 నవంబర్ 2 నుంచి కొత్తగా పంపే రిపోర్టులన్నీ ఇందులోనే ఉండాలి. ఆ తర్వాత పాత వెర్షన్ 2.6లో ఒప్పుకునేది, రిపోర్టులు పంపే ఆన్‌లైన్ పోర్టల్‌లోకి అప్పటికే వెళ్లినవాటికి దిద్దుబాట్లు మాత్రమే. 2027 మే 3న అదీ ఆగిపోతుంది. ఈ మార్పు కాలంలో ఒకే వారంలో పాత పద్ధతి ఆర్డరు ఒకటి, కొత్త పద్ధతి ఆర్డరు ఒకటి రావచ్చు. ఏ వెర్షన్ అడుగుతున్నారో ఆర్డర్ ఒప్పుకునే ముందే చూసుకోండి. ఇల్లు చూసి వచ్చాక తెలిస్తే మళ్లీ వెళ్లక తప్పదు.

ఎందుకు మళ్లీ వెళ్లాలో చెప్తాను. ఇన్నాళ్లూ మామూలు ఇంటికి 1004 ఫారం, కాండోకి (అపార్ట్‌మెంట్ ఫ్లాట్ లాంటిదానికి) 1073, రెండు నుంచి నాలుగు యూనిట్లుంటే 1025, బయటి నుంచే చూస్తే 2055 వాడాం. ఇప్పుడు అన్నిటికీ కలిపి ఒకటే రిపోర్ట్ ఫారం, పేరు యూఆర్ఏఆర్. ఇంటి రకాన్ని బట్టి అందులో కావలసిన భాగాలు తెరుచుకుంటాయి, అక్కర్లేనివి కనిపించవు. 1004డీ బదులు పని పూర్తయిందని చెప్పే కంప్లీషన్ రిపోర్ట్, అప్‌డేట్ రిపోర్ట్ వేరువేరుగా వచ్చాయి. "ఎన్;రెస్;" "ఆర్మ్‌లెంగ్త్;కన్వ్;0" లాంటి కోడ్లు పోయి మామూలు మాటలొచ్చాయి. నాకు అన్నిటికంటే నచ్చిన మార్పు ఇదే. డబ్బు కట్టి రిపోర్ట్ తెప్పించుకున్న ఇంటివాళ్లకు తమ ఇంటి గురించి ఏం రాశారో ఇప్పుడు చదివితే అర్థమవుతుంది.

వ్యాఖ్యలు కూడా చివర్లో పేజీలకు పేజీలు అడెండంగా (అనుబంధంగా) కాకుండా ఏ విషయానికి ఆ భాగంలోనే రాయాలి. పాత రిపోర్టుల నుంచి తెచ్చి అతికించే పేరాలు దాచుకున్నవాళ్లు వాటిని పక్కన పెట్టేయండి. వంటగది భాగంలో ఆ వంటగది గురించే రాయాలి కాబట్టి అవి ఎక్కడా ఇమడవు.

ఇప్పుడు అసలు సంగతి. చాలామంది ఇంట్లో గబగబా నాలుగు ఫొటోలు తీసుకుని, కొలతలు రాసుకుని, మిగతాదంతా రాత్రి టేబుల్ దగ్గర కూర్చుని పూర్తిచేస్తారు. కొత్త ఫారంలో అది కుదరదు. నాణ్యత, కండిషన్ రేటింగ్‌లు బయటికి వేరు, లోపలికి వేరు ఇచ్చి, ఆ తర్వాత మొత్తానికి ఇవ్వాలి. వంటగది, బాత్రూములు ఎంతవరకు మార్చారు, సుమారు ఎప్పుడు మార్చారు అనేది చెప్పాలి. సోలార్ ప్యానెళ్లు సొంతమా, లీజా అనేది ఇంట్లో ఉండగానే అడిగి తెలుసుకోవాలి. అందుకే ట్యాబ్లెట్ పట్టుకుని ఒకే వరసలో నడవడం అలవాటు చేసుకోండి. నేను ముందు ఇంటి చుట్టూ బయట తిరిగి, బయటి రేటింగ్ అక్కడే నిలబడి రాసేస్తాను. తర్వాతే లోపలికి వెళ్తాను. లోపల గ్రానైట్ చూశాక బయట ఊడిపోతున్న పెయింట్‌ని తేలిగ్గా తీసుకునే ప్రమాదం ఉంది.

లోపాల పట్టిక మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. ఉత్తర టెక్సస్ నేల బంకమట్టి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది, దాంతో పునాది కదులుతుంది. గ్యారేజ్ తలుపు పై మూల నుంచి ఇటుకల మధ్య మెట్లుమెట్లుగా పైకి పోయే పగులు ఇక్కడ చాలా ఇళ్లకు ఉంటుంది. పాత పద్ధతిలో "చిన్న పగుళ్లు గమనించాను" అని ఒక వాక్యం రాసి వదిలేసేవాళ్లు. ఇప్పుడు అది ఎక్కడుంది, ఏ భాగానికి వచ్చింది, ఎలా ఉంది, ఇంటి గట్టిదనం మీద ప్రభావం ఉందా లేదా, ఏం చేయమంటారు అన్నవి విడివిడిగా నింపాలి. ఏమీ అక్కర్లేదా, తనిఖీ చేయించాలా, రిపేర్ చేయించాలా అన్నది మీరే తేల్చి చెప్పాలి. కాబట్టి పగులు పక్కన టేప్ పెట్టి దగ్గర నుంచి ఒక ఫొటో, గోడంతా కనపడేలా దూరం నుంచి ఇంకొకటి తీయండి. అదే గోడకు లోపలి వైపు వెళ్లి తలుపులు సరిగ్గా పడుతున్నాయా, షీట్‌రాక్ (లోపలి గోడ పలక) మీద గీత ఉందా చూడండి. మీరు స్ట్రక్చరల్ ఇంజినీర్ కాదు. అనుమానం ఉంటే ఇంజినీర్‌తో తనిఖీ చేయించమని రాయడమే నిజాయితీ.

కొలతల విషయంలో ఫానీ మే 2022 ఏప్రిల్ నుంచే ఆన్సీ (ఇంటి విస్తీర్ణం కొలిచే అమెరికా జాతీయ ప్రమాణం) అడుగుతోంది, కాబట్టి అది కొత్త కాదు. అయితే కొత్త ఫారం విస్తీర్ణాన్ని ఇంకా విడగొట్టి అడుగుతుంది. పైకప్పు ఏడడుగుల ఎత్తు లేని ఫినిష్డ్ గది ఒక లెక్క. బయటి నుంచో, గ్యారేజ్‌లోంచో తప్ప వెళ్లే దారి లేని గది ఇంకో లెక్క. పైకప్పు వాలుగా ఉన్న గదిలో ఐదడుగుల కంటే తక్కువ ఎత్తున్న చోటు లెక్కలోకే రాదు, గదిలో కనీసం సగం ఏడడుగులు ఉండాలి. మేడ మీది గేమ్‌రూముల్లో లేజర్ మీటర్‌తో ఎత్తు కూడా కొలిచి రాసుకోండి. కౌంటీ రికార్డులో ఉన్న చదరపు అడుగులతో మీ లెక్క కలవకపోతే కంగారుపడకండి. మీ స్కెచ్ సరైనదైతే తేడా ఎందుకొచ్చిందో ఒక్క వాక్యంలో రాయండి, చాలు.

మన తెలుగు ఇళ్ల గురించి రెండు మాటలు. స్టడీ పక్కనున్న క్లోజెట్‌ని పూజ గదిగా మార్చుకున్న ఇళ్లు ఇక్కడ కావలసినన్ని. రిపోర్టులో మాత్రం "పూజ గది" అని రాయకండి. ఇంటివాళ్ల మతాన్ని సూచించే మాటకు అప్రైజల్‌లో చోటు లేదు. షెల్ఫులు కట్టిన క్లోజెట్, పాలరాతి ఫ్లోరింగ్ అని కంటికి కనిపించేదే రాయండి. ఫొటోల్లో దేవుడి పటాలు, ఇంటివాళ్లు పడకుండా కోణం చూసుకోండి. ఇక గ్యారేజ్‌లో పోపుల కోసం పెట్టుకున్న స్టౌ రెండో వంటగది కాదు. గ్యాస్ లైన్ కొత్తగా లాగినట్టుంటే పర్మిట్ ఉందా అని మర్యాదగా అడగండి. ఆంటీ టీ ఇస్తే తాగండి, విలువ ఎంతొస్తుందని అడిగితే మాత్రం చెప్పకండి.

మార్కెట్ భాగానికి మనం టెక్సస్‌లో ఉన్నందువల్ల అదనపు పని ఉంటుంది. ఇక్కడ అమ్మకపు ధర బహిరంగ రికార్డుల్లో పెట్టాలన్న నియమం లేదు, అందుకే దాదాపు అంతా ఎంఎల్ఎస్ (ఏజెంట్లు ఇళ్ల లిస్టింగులు పెట్టే డేటాబేస్) మీదే ఆధారం. ఏ హద్దుల్లో, ఏ తేదీల మధ్య, ఏ సైజు ఇళ్లు వెతికారో కొత్త ఫారం అడుగుతుంది. ఎన్ని లిస్టింగులు దొరికాయి, అవి అమ్ముడవడానికి మధ్యస్థంగా ఎన్ని రోజులు పట్టింది, ధరలు ఎటు పోతున్నాయి అన్నవీ నింపాలి. వెతికిన రోజే ఆ ఫలితాలను ఎక్స్‌పోర్ట్ చేసి వర్క్‌ఫైల్‌లో (ఆ రిపోర్టుకు ఆధారాలు దాచుకునే ఫైల్‌లో) పెట్టుకోండి. నెల తర్వాత అదే వెతుకులాట వేరే అంకెలు చూపిస్తుంది, అప్పుడు మీ రిపోర్ట్ సరిచూసే రివ్యూయర్‌కి జవాబు చెప్పడం కష్టం.

నేర్చుకోవడానికి మీ సొంత ఇంటితో మొదలుపెట్టండి. రహస్యం కాపాడాలన్న సమస్య ఉండదు, ఏదైనా మరిచిపోతే రెండడుగులు వేసి చూసిరావచ్చు. పక్కన యూఆర్ఏఆర్ రిఫరెన్స్ గైడ్ తెరిచి పెట్టుకోండి. అది, రకరకాల ఇళ్లకు నింపిన నమూనా రిపోర్టులు ఫానీ మే, ఫ్రెడ్డీ మాక్ సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. ఆ తర్వాత స్నేహితుల కాండో ఒకటి అడిగి చేయండి. కాండో ప్రాజెక్ట్ భాగం చాలా వివరాలు అడుగుతుంది, అసలు ఆర్డర్ మీద నేర్చుకుందామంటే గడువు దాటిపోతుంది. మొదట్లో సమయం ఎక్కువే పడుతుంది. ఎంత పడుతోందో రాసుకుని, ఆ లెక్క చూపించి ఫీజు అడగండి. పాత ఫీజుకే ఒప్పుకుని తర్వాత బాధపడకండి.

ఇక సాఫ్ట్‌వేర్. ఇప్పటికే టోటల్, ఏసీఐ లాంటి రిపోర్ట్ సాఫ్ట్‌వేర్లు వాడుతున్నవాళ్లు ముందు ఆ కంపెనీ ఇచ్చే కొత్త వెర్షనే ట్రయల్‌గా చూడండి. చేతికి అలవాటైనదాన్ని ఊరికే వదులుకోవద్దు. మీ ట్యాబ్లెట్‌లో నెట్ లేకుండా పనిచేస్తుందా చూడండి, ఎందుకంటే సెలైనా వైపు కొత్త వెంచర్లలో సిగ్నల్ ఉండదు. స్కెచ్‌లో గీసిన గది ఏ రకం విస్తీర్ణమో మీరు గుర్తుపెడితే ఆ అంకె నేరుగా ఫారంలోకి వెళ్లాలి. చేత్తో మళ్లీ టైప్ చేయాల్సి వస్తే అక్కడే తప్పులు దొర్లుతాయి. ఇప్పుడు ఎక్స్‌ఎంఎల్ (డేటా ఫైల్), పీడీఎఫ్, ఫొటోలు కలిపి ఒకే జిప్ ఫైల్‌గా వెళ్తాయి కాబట్టి, ఫొటోల సైజు అదే తగ్గిస్తుందా, పంపే ముందు లోపాలు పట్టి చూపిస్తుందా అని అడగండి. మీ పాత కాంప్స్ (పోల్చడానికి వాడే అమ్ముడైన ఇళ్ల) డేటాబేస్ కొత్తదాంట్లోకి వస్తుందన్నా నమ్మి వదిలేయకండి. పాత ఫారం అడగని వివరాలు అందులో ఖాళీగానే ఉంటాయి, వాడే ముందు ఒక్కో కాంప్‌నీ ఎంఎల్ఎస్‌తో సరిచూసుకోవాలి. ఏడాది చందా కట్టమని ఎంత ఒత్తిడి చేసినా ముందు నెలవారీగానే తీసుకోండి. ఒక మామూలు ఇల్లు, ఒక కాండో, వెనక విడిగా చిన్న ఇల్లున్నది ఒకటి, ఈ మూడూ అందులో పూర్తిగా చేసి చూశాకే మిగతా డబ్బు కట్టండి.